గ్రీన్‌స్టెడ్ చెక్క చర్చి

శ్రోతలకు నమస్కారం. ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో, ఓంగర్ పట్టణానికి చేరువలో గ్రీన్‌స్టెడ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి సెయింట్ ఆండ్రూ చర్చిలో జనం కూర్చునే మంటపం గోడలు రాతివి కావు. ఓక్ దుంగలను నిలువునా చీల్చి, గుండ్రని వైపు బయటికీ, చదునైన వైపు లోపలికీ వచ్చేలా పక్కపక్కన నిలబెట్టారు. దుంగల అంచుల్లో గాడి తీసి, రెండింటి నడుమ సన్నని ఓక్ బద్దను బిగించారు. చలిగాలి, వానజల్లు లోపలికి రాకుండా ఆ వడ్రంగులు చేసిన ఏర్పాటది.

చెట్టు వలయాలను పరీక్షించి 1960లో దీని కాలం 9వ శతాబ్దమన్నారు. 1995లో మళ్లీ పరిశీలించినప్పుడు ఆ దుంగలు 11వ శతాబ్దపు ద్వితీయార్ధానికి చెందినవని తేలింది. వయసు రెండు వందల ఏళ్లు తగ్గినా, ఐరోపాలో నేటికీ నిలిచి ఉన్న చెక్క చర్చిలలో అత్యంత పురాతనమైనదిగా దీన్నే చెప్పుకుంటారు. 1013లో, పూర్వం ఈస్ట్ ఆంగ్లియా రాజుగా ఉండి సెయింటుగా పూజలందుకున్న ఎడ్మండ్ భౌతికకాయాన్ని లండన్ నుంచి తరలిస్తూ ఈ ఊళ్లో ఆగారని ఐతిహ్యం. అది నిజమైతే, ఆ మజిలీ ఈ కట్టడంలో కాదు, అంతకు ముందున్న దానిలో జరిగి ఉండాలి.

నేలలో పాతిన కొయ్య చెమ్మకు అడుగు నుంచి కుళ్లడం మొదలుపెడుతుంది. 1848లో మరమ్మతు చేసినవారు కుళ్లిన అడుగు భాగాలను కోసేసి, మిగిలిన దుంగలను ఇటుక దిమ్మెపైకి ఎక్కించారు. ఆ కాలంలో పునరుద్ధరణ పేరిట ఎన్నో చర్చిల పాతదనాన్ని చెరిపేసిన మాట నిజమే. దానికి విసిగే రచయిత, కళాకారుడు విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించారు. అయినా ఇక్కడ ఆ ఇటుక దిమ్మెను నేను తప్పుపట్టలేను.

బలిపీఠమున్న భాగం మాత్రం సుమారు 1500 నాటి ఇటుక కట్టడం. మధ్యయుగాల ఆచారం ప్రకారం ఆ భాగం బాగోగులు మతగురువువి, మంటపం బాధ్యత ఊరివారిది. ఒకే చర్చిలో రెండు భాగాల వయసులు వేరుగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

1955లో చట్టంగా వచ్చిన నియమం ప్రకారం, ఇంగ్లండు చర్చి అనే క్రైస్తవ శాఖకు చెందిన ప్రతి పారిష్ మందిరాన్నీ, అంటే ఊరి చర్చినీ, అయిదేళ్లకొకసారి నిపుణుడు తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలి. ముఖ్యమైన మార్పులకు డయోసిస్, అంటే బిషప్ పాలనలోని మండలం, అనుమతి తప్పనిసరి. ఖర్చు మాత్రం ప్రధానంగా స్థానిక చర్చి సంఘానిదే. అందుకే పెద్ద మరమ్మతుల కన్నా ముందుగా, ఆకులు నిండిన వానగొట్టాలను ఏటా శుభ్రం చేయించుకోమని నిపుణులు వారికి చెబుతుంటారు.