కథ ఎక్కడ అయిపోతది?

శ్రోతలకు నమస్కారం.

నకిరేకల్ దగ్గరి మా పల్లెలో, రాత్రి భోజనాలయ్యాక కందిలి ముందు కూర్చుని నేను నవలలు పైకి చదువుతుంటే, మా నాయనమ్మ నులకమంచం మీద పడుకుని వినేది. ఆమెకు అక్షరం రాదు. ఒకనాడు ఒక నవల చివరి పుట చదివి పుస్తకం మూయగానే ఆమె లేచి కూర్చుని, "అటెంక?" అన్నది. అయిపోయిందన్నాను. "ఆ పిల్ల బతికే ఉన్నది గద బిడ్డా, కథ ఎట్ల అయిపోతది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజుల తర్వాత ఆమె కలుపు తీసేకాడ అదే కథను తోటి ఆడవాళ్లకు చెబుతూ, ఆ పిల్ల తాకట్టులో ఉన్న తన రెండెకరాలు విడిపించుకున్నదని, తల్లిని తెచ్చి తన దగ్గరే పెట్టుకున్నదని, రచయిత రాయని సంగతులెన్నో తడుముకోకుండా చెప్పింది.

ఒక్క పుస్తకంగా పూర్తయిన నవలకు రెండో భాగం మేలు చేస్తుందా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆ మడి గట్టే కళ్ల ముందు నిలుస్తుంది. చివరి పుట తర్వాతి జాగా పాఠకుడిది. రచయిత మళ్లీ అందులోకి రావాలంటే, పాఠకుడు తనంతట తాను ఊహించుకోలేనిది ఏదో ఒకటి వెంట తేవాలి. పాత్ర మీద జనానికి మమకారం ఉన్నదన్న ఒక్క కారణం అందుకు చాలదని నేను గట్టిగా నమ్ముతాను.

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మిగిలిన రెండు భాగాలు కొన్ని దశాబ్దాల తర్వాత వచ్చాయి. మొగల్తూరు కుర్రవాడు రైలెక్కి, ఓడెక్కి, సీమకు చేరే దాకా మనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుతాం. ఆ నవ్వంతా అతని తెలియనితనంలో ఉంది. తర్వాతి భాగాల్లో అతడు చదువుకుంటాడు, లోకం తెలుసుకుంటాడు, స్వదేశానికి వచ్చి పెద్దమనిషి అవుతాడు. ఆ భాగాలు చదవదగినవే, వాటిలో ఆనాటి దేశకాలాలున్నాయి. అయినా పార్వతీశం పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది మొదటి భాగమే. ఏ గుణం వల్ల కథ నిలిచిందో, కథ సాగినకొద్దీ ఆ గుణమే కరిగిపోక తప్పలేదు.

స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ అనుభవం వేరు. వీరగాథలు చదివి చదివి మతి చెడి, తానే ఒక వీరుణ్ననుకుని బయలుదేరిన పెద్దమనిషి కథ, ఆయన నవల ‘డాన్ కిహోటే’, 1605లో వెలువడింది. 1614లో మరెవరో మారుపేరుతో దానికి ఒక దొంగ రెండో భాగం అచ్చు వేశారు. మరుసటి ఏడు సెర్వాంటెస్ తన రెండో భాగం తెచ్చాడు. అందులోని మనుషులు మొదటి భాగాన్ని చదివినవాళ్లు కావడంతో, కథానాయకుడు ఎక్కడికి వెళ్లినా అతని కీర్తి, అతని పిచ్చి అతనికంటే ముందే అక్కడికి చేరి ఉంటాయి. చివరకు అతనికి మరణం రాసి, ఇంకెవరూ ఆ కథను పొడిగించకుండా చేశాడు. మొదటి పుస్తకం లేకపోతే పుట్టనే పుట్టని ఆలోచన అది.

ఇక మన నేల సంగతికి వస్తాను. నకిరేకల్ ప్రాంతంలోని చెరువు మాదారంలో 1915లో పుట్టి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు, నిజాం కాలపు తెలంగాణ పల్లె బతుకును, వెట్టిని, దొరతనాన్ని, మెల్లగా కళ్లు తెరుస్తున్న జనాన్ని వరుస నవలలుగా రాయాలనుకున్నారు. ‘ప్రజల మనిషి’ వచ్చింది. దానికి కొనసాగింపుగా ‘గంగు’ మొదలుపెట్టారు. 1961లో ఆయన కన్నుమూయడంతో ఆ సంకల్పం నడుమనే ఆగిపోయింది.

ఆ పనిని దాశరథి రంగాచార్య గారు తలకెత్తుకున్నారు. సాయుధ పోరాటానికి ముందటి రోజులను ‘చిల్లర దేవుళ్లు’గా, పోరాట కాలాన్ని ‘మోదుగుపూలు’గా, ఆ తర్వాతి జీవితాన్ని ‘జనపదం’గా రాశారు. ఇక్కడ నాకు ఎంతో విలువైనదిగా తోచేదొకటి ఉంది. ఆయన ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’ కథానాయకుడు కంఠీరవాన్ని తెచ్చి మళ్లీ నడిపించలేదు. ‘చిల్లర దేవుళ్లు’లో ఊరు వేరు, మనుషులు వేరు, ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన పాణి అనే పాటగాడి కళ్లతో దొర గడీ మనకు కనిపిస్తుంది. కొనసాగింది కాలం. ఆ కాలం అప్పటికి ఇంకా తెగలేదు, దాని బాకీ తీరలేదు. అందుకే ఒకరు వదిలిన చోట మరొకరు అందుకున్నా అతుకు కనబడదు. ఏ పుస్తకానికాపుస్తకం విడిగా చదివినా నిండుగానే ఉంటుంది. రెండో భాగం రాయబోయే ప్రతి రచయితా ఈ నవలలను ఒక్కసారి దగ్గర పెట్టుకుని చూసుకోవాలని నా మనవి.

ఆ మధ్య నల్లగొండలో పాత పుస్తకాల మధ్య నాకు ‘ప్రజల మనిషి’ ప్రతి ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయి ఉంది. చివరి పుట అడుగున ఎవరో పెన్సిల్‌తో "తరువాత?" అని రాశారు. దాని కింద వేరే దస్తూరీలో, నీలం సిరాతో "గంగు చదవండి" అని ఉంది. ఇంకొంచెం కింద, చిన్నపిల్లల గుండ్రటి అక్షరాల్లో, "చిల్లర దేవుళ్లు కూడా" అని ఉంది.

నమస్కారం.