ఆ పేజీ అమర్చింది ఎవరు?

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఒళ్ళో స్కెచ్ పుస్తకాలు పెట్టుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. పత్రికల రూపకల్పనలో స్త్రీల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క మనిషి గురించే చెబుతాను.

ఆమె పేరు సీపీ పినెలెస్. సీపీ అనగానే మనకు బ్రౌన్ దొర గుర్తొస్తారు. ఇవి పొడి అక్షరాలు కావు, ఆమె పేరే అది. 1908లో వియన్నాలో పుట్టి, పదిహేనేళ్ళ వయసులో అమెరికా చేరి, బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు. చదువయ్యాక తన బొమ్మల కట్టను ప్రకటన సంస్థల్లో ఇచ్చి వచ్చేవారు. పని నచ్చి కబురు పెట్టేవారు. ఆ పేరు మగవాడిదనుకుని పిలిచేవారు! తీరా ఆడపిల్ల ఎదురుగా నిలబడేసరికి ఉద్యోగం లేకుండా పోయేది. నిన్న నచ్చిన బొమ్మలు ఇవాళ మారాయా?

1932లో పత్రికలు ప్రచురించే కాండే నాస్ట్ సంస్థలో, అక్కడి ఆర్ట్ డైరెక్టర్ అఘా గారి దగ్గర చేరారు. ఆర్ట్ డైరెక్టరంటే పత్రిక పేజీల రూపం తీర్చిదిద్దే పెద్ద. ఆయన ఏది చూపించినా తృప్తిపడేవారు కాదట, ఇంకా లోతుకు వెళ్ళమని తిప్పి పంపేవారట. అలాంటి గురువు దొరకడం అదృష్టం. ఆ తర్వాత గ్లామర్, సెవెంటీన్, చార్మ్ పత్రికలకు ఆమే ఆర్ట్ డైరెక్టర్. సెవెంటీన్ చదివేది ఎదుగుతున్న ఆడపిల్లలు. వాళ్ళకు ఏవో ముద్దు బొమ్మలు చాలుననుకోలేదు ఆమె. బెన్ షాన్ వంటి పెద్ద చిత్రకారుల చేతికి కథ ఇచ్చి, మీకు తోచింది వేయండి అన్నారు. చార్మ్ ఉద్యోగాలు చేసే స్త్రీల పత్రిక. అందులో దుస్తుల ఫోటోలను వాళ్ళు నిజంగా తిరిగే చోట్ల, ఊళ్ళో, పనికి వెళ్ళే దారిలో తీయించారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి, క్షమించండి. మా రోజుల్లో బ్రోమైడ్‌ను, అంటే అక్షరాలు అచ్చయిన ఫోటో కాగితాన్ని, కట్టర్‌తో కోసి, వెనక జిగురు రాసి, గీతల కాగితం మీద అతికించేవాళ్ళం. ఒక్క వరస వెంట్రుకవాసి ఒరిగినా పీకి మళ్ళీ అతికించాలి. చివరి నిమిషంలో ప్రకటన వస్తే పేజీ మొత్తం మళ్ళీ మొదటికి. వేళ్ళ మీద జిగురు ఎండి, అన్నం కలుపుకుంటుంటే పొరలుగా ఊడేది. ఒక వారపత్రికలో పదకొండేళ్ళు ఆ పని చేశాను. సంపాదకుడి పేరు వేసేవారు, ముద్రాపకుడి పేరు వేసేవారు, చందాలు చూసే ఆయన పేరు వేసేవారు. నా పేరు వేయమని అడిగితే, "అతికించే పనికి పేరెందుకమ్మా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళయింది. ఆ మాట నాకింకా చల్లారలేదు.

సీపీ గారికీ అదే జరిగింది. న్యూయార్క్ ఆర్ట్ డైరెక్టర్స్ క్లబ్‌లో అందరూ మగవాళ్ళే. అఘా గారు ఏళ్ళ తరబడి ఆమె పేరు ప్రతిపాదించారు. క్లబ్బు కాదంటూనే వచ్చింది. చివరికి ఆమె భర్త విలియం గోల్డెన్‌ను సభ్యుడిగా రమ్మన్నారు. అమెరికాలోని సీబీఎస్ టెలివిజన్ సంస్థకు కన్ను ఆకారపు గుర్తు తయారుచేసిన కళాకారుడాయన. అన్ని అర్హతలూ ఉన్న నా భార్యను పట్టించుకోని మీది వృత్తి నిపుణుల సంఘం ఎలా అవుతుందని ఆయన నిలదీశారు. అప్పుడు తలుపు తెరుచుకుంది, ఇద్దరికీ. చూడండి, అన్నేళ్ళ ఆమె పని చేయలేనిది ఒక భర్త మాట చేసింది. గోల్డెన్ గారంటే నాకు గౌరవం. ఆ క్లబ్బు మీద మాత్రం కోపం. 1975లో ఆ క్లబ్బే తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే మేటి కళాకారుల గౌరవ జాబితాలో, ఆమెకు చోటిచ్చింది. ఆ గౌరవం అందుకున్న మొదటి స్త్రీ ఆమే. అప్పటికి ఆమెకు అరవై ఆరు దాటాయి.

ఇంకా చెప్పాలని రాసుకొచ్చాను కానీ, ఈ కాగితాలు పక్కన పెడుతున్నాను. ప్రిన్సిపాల్ గారూ, మీ వార్షిక సంచిక ఈ నెలలో అచ్చుకు వెళుతోందని విన్నాను. పేజీలు పెడుతున్న అమ్మాయిలు ముగ్గురూ ఆ మూడో వరసలోనే ఉన్నారు. పొద్దున వాళ్ళ కంప్యూటర్ దగ్గర కూర్చుని చూశాను, ముఖచిత్రం చాలా బాగుంది. లోపల పేర్ల పేజీ మాత్రం నాకు కనిపించలేదు. సభ అయ్యాక అది ఒకసారి చూపిస్తారా?