బెంజ్ వాళ్ళు చిన్న కారు ఎందుకు చేసారు?

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ ఒక కారు గురించి మాట్లాడుకుందాం. మెర్సిడెస్ బెంజ్ 190. 1982 చివర్లో జర్మనీలో బయటికొచ్చింది, జనం ముద్దుగా బేబీ బెంజ్ అన్నారు. నాకు కార్లంటే మొదట్నించీ పిచ్చి, అందులోనూ ఈ కారంటే ఇంకాస్త ఎక్కువ ఇష్టం, ఎందుకంటే పెద్ద కారుని గొప్పగా చెయ్యడం డబ్బుంటే అయ్యే పనే, కానీ చిన్న కారు చేసి అందులో కూర్చున్నవాడికి నేను బెంజ్‌లోనే వున్నాను అనిపించాలంటే చాలా కష్టం.

అసలు వాళ్ళకి చిన్న కారు ఎందుకంటే, 1973లో చమురు సంక్షోభం వచ్చింది కదా, అప్పుడు పశ్చిమ జర్మనీలో కొన్ని ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదని గవర్నమెంట్ ఆర్డర్ వేసింది, ఆటోబాన్లు అనే వాళ్ళ హైవేల మీద జనం నడుచుకుంటూ, సైకిళ్ళు తొక్కుకుంటూ వెళ్ళారు. ఆ తర్వాత 1975లో అమెరికా వాళ్ళు ఒక చట్టం చేసారు, ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీ ఇంత వుండి తీరాలని. 1985 నాటికి గ్యాలన్‌కి 27.5 మైళ్ళు, అంటే మన లెక్కలో లీటరుకి 11.7 కిలోమీటర్లు. ఇది క్లాసు సగటు మార్కుల్లాంటిది, అందరూ తక్కువ తెచ్చుకుంటుంటే బాగా చదివే పిల్లాడొకడు చేరితేనే సగటు లేస్తుంది. బెంజ్ వాళ్ళ దగ్గర ఆ పిల్లాడు లేడు, అన్నీ పెద్ద బళ్ళే. పైగా 1975లోనే బీఎండబ్ల్యూ 3 సిరీస్ దింపి కుర్రకారు కస్టమర్లని లాగేసుకుంటోంది.

సరే, చిన్న కారు చెయ్యాలని బెంజ్ హెడ్డాఫీసు వున్న స్టుట్‌గార్ట్‌లో అనుకున్నారు గానీ, లోపల పెద్ద భయం వుంది. చీప్‌గా కనిపిస్తే వున్న పేరు కూడా పోతుంది. ఇక్కడే బ్రూనో సాకో గురించి చెప్పాలి. ఇటలీలో ఉడీనేలో పుట్టినాయన, అప్పటికి బెంజ్ డిజైన్ విభాగానికి పెద్ద. ఆయన పట్టుదల ఏంటంటే, చిన్నదైనా పెద్దదైనా ఒకే ఇంట్లో పిల్లల్లా వుండాలి, కొత్త మోడల్ వచ్చిందని పాతది పాతబడినట్టు కనిపించకూడదు. అప్పటి మామూలు బెంజ్ కన్నా ఇది దాదాపు 30 సెంటీమీటర్లు పొట్టి, అయినా ముందు గ్రిల్లు చూస్తే బెంజే అని ఎవరైనా చెప్పేస్తారు, వెనక డిక్కీ కాస్త ఎత్తుగా, అంచులు కోసినట్టు వుంటుంది, అది గాలి సాఫీగా జారిపోవడానికి. అందం కోసమే పెట్టిన గీత ఆ కారు మీద నాకైతే ఒక్కటీ కనపడదు.

కానీ నా దృష్టిలో అసలు గొప్పతనం కారు కింద వుంది. కాస్త ఓపిగ్గా వినండి. ఇది వెనక చక్రాలతో నడిచే కారు, తేలిక, సుమారు 1100 కిలోలే. ఇలాంటి బండి మలుపులో స్పీడుగా తిరుగుతున్నప్పుడు బరువంతా బయటి పక్కకి పోతుంది, చక్రం ఒరుగుతుంది, టైరు మొత్తం రోడ్డుని పట్టుకోకుండా ఒక అంచు మీదే నిలబడుతుంది, ఆ టైంలో డ్రైవరు భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసాడనుకోండి, బండి వెనకభాగం పక్కకి జారిపోవచ్చు. పెద్ద బరువైన కారులో దీన్ని కొంత సర్దుకోవచ్చు, చిన్నదాంట్లో అంత వీలు కాదు. అందుకని ఇంజనీర్లు ఏళ్ళ తరబడి రకరకాల అమరికలు కట్టి, నడిపి, పక్కన పడేసి, చివరికి ఒక్కో వెనక చక్రానికి ఐదేసి ఆర్మ్‌లు, అంటే చక్రాన్ని బండికి కలిపే కడ్డీలు, పెట్టారు. ఒక్కొక్కటి చక్రాన్ని ఒక్కో దిక్కులో కదలకుండా పట్టుకుంటుంది, చక్రం పైకీ కిందకీ మాత్రం హాయిగా ఆడుతుంది, గతుకుల్లోనూ మలుపుల్లోనూ టైరు నిటారుగానే వుంటుంది. అతుకుల దగ్గర బుష్‌లనే రబ్బరు ముక్కలు వుంటాయి కాబట్టి రోడ్డు చప్పుడు లోపలికి పెద్దగా రాదు. షోరూమ్‌లో కారు కొనేవాడు కిందకి వంగి ఇదంతా చూడడు కదా, అయినా వాళ్ళు డబ్బు అక్కడే పోసారు, నాకు బాగా నచ్చిన విషయం అదే.

మరి లోపాలు లేవా అంటే వున్నాయి. వెనక సీట్లో కాళ్ళకి చోటు చాలదని మొదట్నించీ విమర్శ వుంది, ఆ విమర్శ న్యాయమైనదే, ఇంత డబ్బు పెట్టి కొన్నవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని ఎందుకు కూర్చోవాలి. 1988లో మార్పులు చేసినప్పుడు కొంత సరిచేసారు, పక్కల్లో ప్లాస్టిక్ పలకలు వచ్చింది కూడా అప్పుడే.

అమ్మకాలకి ఊపు వచ్చింది మాత్రం రెండు వైపుల నించీ. 1983లో డీజిల్ మోడల్ వచ్చింది, ఇంజన్ చుట్టూ శబ్దం బయటికి రాకుండా కప్పేసారు, దాంతో గుసగుసల డీజిల్ అని పేరొచ్చింది, జర్మనీలో టాక్సీవాళ్ళు కూడా కొన్నారు. అదే ఏడాది ఆగస్టులో, ఇంగ్లండ్‌లో రేసు ఇంజన్లు చేసే కాస్‌వర్త్ కంపెనీతో కలిసి చేసిన 16 వాల్వుల ఇంజన్ పెట్టిన కార్లని ఇటలీలో నార్దో ట్రాక్ మీదకి తీసుకెళ్ళి 50 వేల కిలోమీటర్లు పరిగెత్తించారు, సగటు స్పీడు గంటకి 247 కిలోమీటర్ల పైమాటే, పెట్రోలుకి, టైర్లకి ఆగిన టైం కూడా ఆ లెక్కలోనే వుంది. రాత్రీ పగలూ కలిపి ఎనిమిది రోజులు పైనే. మరుసటేడు మే 12న జర్మనీలో కొత్త నూర్బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ ప్రారంభమైనప్పుడు పేరున్న రేసర్లందరికీ ఇవే కార్లిచ్చి పోటీ పెట్టారు, నికీ లౌడా లాంటి ఛాంపియన్లుండగా, ఫార్ములా వన్‌లోకి అప్పుడే వచ్చిన అయర్టన్ సెన్నా అనే బ్రెజిల్ కుర్రాడు గెలిచాడు. ఆ పేరు తర్వాత ఎంత పెద్దదైందో రేసింగ్ ఇష్టపడేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

1993 వరకూ మొత్తం దాదాపు 18 లక్షల 80 వేల కార్లు తయారయ్యాయి. సిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీ ఒక్కటే చాలక బ్రెమెన్‌లో కూడా చేసారు. దాని స్థానంలో వచ్చిందే సీ క్లాస్, ఇప్పటికీ నడుస్తోంది.

ఈ 190 మన దేశంలో తయారవలేదు గానీ, ఒక సంబంధం వుంది. 1995లో పూణేలో టెల్కోతో, అంటే ఇప్పటి టాటా మోటార్స్‌తో, కలిసి బెంజ్ వాళ్ళు మొదట కట్టిన ఇ-క్లాస్ (E-Class) అనే కారు వెనక చక్రాలకి కూడా ఈ ఐదు ఆర్మ్‌ల అమరికే వాడారు. అప్పటి బళ్ళు కొందరు ఇంకా జాగ్రత్తగా దాచుకున్నారు. మీ ఊళ్ళో అలాంటిది లిఫ్ట్ మీదకి ఎక్కించి వుంటే మెకానిక్‌ని అడిగి ఒకసారి కిందనించి చూడండి, ఆర్మ్‌లు లెక్కపెట్టొచ్చు. ఇవాల్టికి సెలవు, నమస్కారం.