ఒలింపిక్ తీరంలో నడక: ఆటుపోట్ల లెక్క

[దృశ్యం: పొగమంచులో రియాల్టో బీచ్; ఒడ్డున గుట్టలుగా పడి ఉన్న దుంగలు]

వ్యాఖ్యానం: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపిక్ నేషనల్ పార్క్‌కు చెందిన పసిఫిక్ తీరం సుమారు 117 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. సియాటిల్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారు కారులో ఒక పూటలో ఇక్కడికి చేరుకోగలరు. అయితే ఈ తీరంలో చాలా భాగానికి రోడ్డు లేదు. ఒక పక్క సముద్రం, మరో పక్క సిట్కా స్ప్రూస్ చెట్లతో చిక్కగా పెరిగిన అడవి, ఆ రెండింటి నడుమ ఇసుక, గులకరాళ్ల సన్నని పట్టీ మాత్రమే ఉంటాయి. ఆ పట్టీ ఏ వేళకు బయటపడుతుందో, ఏ వేళకు మునిగిపోతుందో ముందుగా తెలుసుకోకుండా ఇక్కడ నడక మొదలుపెట్టకూడదు.

[దృశ్యం: సముద్రంలోకి చొచ్చుకువచ్చిన రాతి మొన, దాని ఆవల నిటారు రాతి స్తంభాలు]

కెరటాల తాకిడికి మెత్తని రాయి ముందుగా అరిగిపోగా, గట్టి రాయి మొనలుగా, స్తంభాలుగా మిగిలింది. కొన్ని స్తంభాల నెత్తిన ఇప్పటికీ చెట్లున్నాయి. ఒకప్పుడు అవి ఒడ్డుతో కలిసి ఉన్న నేలేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. రియాల్టో బీచ్ నుంచి ఉత్తరంగా సుమారు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే, కెరటాలు ఒక మొనను ఈ వైపు నుంచి ఆ వైపుకు తొలిచిన ‘హోల్ ఇన్ ద వాల్’ కనిపిస్తుంది. ఆటు సమయంలో మనిషి దాని గుండా నడిచి అవతలికి వెళ్లగలడు. నీరు దిగిన ఆ కాసేపు, పక్కనున్న బండల గుంటల్లో ఊదా, నారింజ రంగుల సముద్ర నక్షత్రాలు, పూలలా కనిపించే సముద్ర జీవులైన పచ్చని సీ అనిమోన్లు, నల్లని మస్సెల్ గుల్లలు బయటపడతాయి. పోటు రాగానే ఆ దారి మూసుకుపోతుంది.

[దృశ్యం: ఒక రోజు నీటిమట్టాన్ని చూపే రేఖాచిత్రం]

విశాఖ తీరంలో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టంలో కనిపించే తేడాకు అలవాటుపడిన మనకు ఇక్కడి తేడా ఊహకు అందదు. రెండున్నర మీటర్లు దాటే రోజులు మామూలే. పైగా ఇక్కడ రోజుకు రెండుసార్లు వచ్చే ఆటు రెండుసార్లూ ఒకే మట్టానికి దిగదు కనుక, ఉదయం సులువుగా దాటిన మొనను సాయంత్రపు ఆటులో దాటలేకపోవచ్చు. ఏ మొనను ఎన్ని అడుగుల నీటిమట్టం లోపు దాటవచ్చో తీరపు మ్యాపుల్లో చూసి, ఆ రోజు ఆటుపోట్ల పట్టికతో సరిపోల్చుకోవాలి. తుపానుగాలి ఉన్నప్పుడు నీరు పట్టికలో చెప్పిన మట్టాన్ని మించి పైకి వస్తుంది; అప్పుడు లెక్క సరిపోయినా ఆగడమే మంచిది.

[దృశ్యం: చెట్టుకు కొట్టిన ఎరుపు, నలుపు వలయాల గుర్తు, బురద గట్టు మీద వేలాడుతున్న తాడు]

ఎంతటి ఆటులోనూ దాటలేని మొనలు కొన్ని ఉన్నాయి. అటువంటి చోట ఈ వలయాల గుర్తు చూసుకుని, తాడు పట్టుకుని గట్టెక్కి, అడవిలోంచి చుట్టు తిరిగి అవతలి బీచ్‌కు దిగాలి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ప్రాంతం కావడంతో ఆ బురద వేసవిలోనూ పూర్తిగా ఆరదు. ఎక్కడం కంటే దిగడమే కష్టం.

ఇక ఒడ్డున పడి ఉన్న దుంగల సంగతి. నదులు అడవి నుంచి మోసుకొచ్చిన ఈ మహావృక్షాలు కదలనివిగా కనిపించినా, పోటు వేళ ఒక్క పెద్ద కెరటానికే తేలి దొర్లుతాయి. ఫొటో కోసం వాటి మీదికెక్కి, సముద్రానికి వీపు పెట్టి నిలబడటం ఇక్కడ ప్రాణాంతకం.