అబద్ధమైనా అతికినట్టుండాలి: సైకిల్‌కో ఉత్తుత్తి ట్యాంకు

అందరికీ నమస్కారం.

నేను తెచ్చిన ఈ వస్తువును ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకుని చూడండి. చూడ్డానికి పెట్రోలు ట్యాంకు. పైన మూత కూడా ఉంది, తిప్పితే మాత్రం రాదు. లోపల గాలి తప్ప ఏమీ లేదు. తొక్కే సైకిల్‌కి ట్యాంకెందుకని అడిగేవాళ్లకు నా దగ్గర సమాధానం లేదు, అందం కోసమే.

ఈ సరదా మనతో మొదలైందేమీ కాదు. 1930లలో అమెరికాలో ష్విన్ కంపెనీ సైకిళ్లకు మోటారు సైకిల్ వేషం కట్టింది. 1934లో వచ్చిన ఏరోసైకిల్‌కి లావుపాటి టైర్లు, ముందు లైటు, ఫ్రేము మధ్యలో ఇలాంటి ఉత్తుత్తి ట్యాంకు ఉండేవి. తర్వాత వచ్చిన చాలా సైకిళ్లలో ఆ డొల్లలోనే హారన్‌ను, దాని బ్యాటరీలను దాచేవారు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఈ పనిలో అతకడం అంటే నిజంగానే అతకడం. గొట్టానికీ ట్యాంకుకీ మధ్య ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా సందు కనిపించిందా, ఎంత మంచి రంగు వేసినా తగిలించిన డబ్బాలాగే ఉంటుంది. అందుకే నా సమయంలో సగం అట్టముక్కతోనే గడుస్తుంది.

సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి, ఫ్రేము పక్కన అట్ట ఆనించి, గొట్టాల లోపలి అంచు వెంట పెన్సిల్‌తో గీయండి. ఆ గీతకు మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి కత్తిరించండి, మధ్యలో రబ్బరు పట్టీ వస్తుంది కాబట్టి. కుడివైపు అట్టనే తిప్పి ఎడమవైపు వాడేద్దామనుకోకండి. చేత్తో వెల్డింగ్ చేసిన ఫ్రేము, అందులోనూ పైన జంట గొట్టాలున్నది, రెండు వైపులా ఒకేలా ఉండటం అరుదు.

తర్వాతిది మోకాళ్ల లెక్క. రెండు అట్టల మధ్య మీరనుకున్న వెడల్పుకు థర్మాకోల్ ముక్కలు పెట్టి, టేపు చుట్టి, ఫ్రేములో కట్టి, ఎక్కి తొక్కండి. కాసేపు కాదు, ఒక అరగంట. నా మొదటి ట్యాంకు 90 మిల్లీమీటర్ల వెడల్పు. చూపుకి ఠీవిగానే ఉండేది, తొక్కుతుంటే తొడల్లోపలి చర్మం లేచిపోయింది. ఇప్పుడు 65 దాటను. అదీ హ్యాండిల్ వైపే, సీటు వైపు వచ్చేసరికి నీటిబొట్టు తోకలా సన్నబడాలి. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. బ్రేకు కేబుల్ ఎక్కడా నలగకూడదు.

ఇక దేంతో చేయాలి? 0.8 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు ఆరు కిలోల పైమాటే. మన ట్యాంకు ఉపరితలం సుమారు 0.3 చదరపు మీటర్లు అనుకుంటే దాదాపు రెండు కిలోలు. అదే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే ఫైబర్ గ్లాస్ మ్యాట్, అంటే గాజు పోగుల పట్టా, రెండు పొరలు వేస్తే, దాన్ని గట్టిపరిచే జిగురు లాంటి రెసిన్‌తో కలిపి అరకిలో చిల్లర. పైగా రేకును ఒకవైపే వంచడం తేలిక. రెండు వైపులా ఉబ్బు తేవాలంటే ఇసుక సంచి, చెక్క సుత్తి, వాటితో పాటు చాలా ఓపిక కావాలి. ఆ చెయ్యి తిరిగినవాళ్లకు నా నమస్కారాలు. నేను ఫైబర్ మనిషిని.

అయితే ఒక సంగతి. అచ్చు కోసం థర్మాకోల్‌ని ఎంతో ముద్దుగా చెక్కి, దాని మీద పాలిస్టర్ రెసిన్ పూశాను. ఆ రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రవం థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. రెండు రోజుల పని నా కళ్లముందే కర్పూరంలా హరించుకుపోయింది. థర్మాకోల్ అయితే ఎపాక్సీ రెసిన్ వాడండి. పాలిస్టరే వాడాలనుకుంటే పాలియురేథేన్ ఫోమ్‌ని చెక్కండి. రెసిన్ పనికి గాలాడే చోటు, చేతికి తొడుగులు కావాలి. గట్టిపడ్డాక రుద్దేటప్పుడు పొడవు చేతుల చొక్కా, మంచి మాస్క్ ఉండాల్సిందే. ఆ గాజు దుమ్ము దురద మామూలుది కాదు.

పుట్టీ, ప్రైమర్, రంగు మీకు తెలిసినవే. 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600 దాకా వెళ్లండి, తొందరపడి మధ్య నంబర్లు ఎగ్గొట్టకండి.

బిగించడానికి మాత్రం ఫ్రేముకు రంధ్రం చేయొద్దు, వెల్డింగ్ పెట్టొద్దు. మంచి ఫ్రేముల్లో గొట్టం నడిమి భాగం అర మిల్లీమీటరు మందమే ఉండొచ్చు. రబ్బరు తొడుగున్న క్లాంపులు చాలు. నీళ్ల సీసా కోసం 64 మిల్లీమీటర్ల ఎడంతో బోల్టు రంధ్రాలుంటే అవి దొరికిన వరం.

ట్యాంకుకు మాత్రం అడుగున ఒక చిన్న రంధ్రం వదలండి. ఒకసారి వానలో తడిసి వచ్చి, సైకిల్‌ని పక్కకు వంచితే లోపల గలగలమంది. నా ట్యాంకులో ఏదైనా నిండడం అదే మొదటిసారి.

అట్టలు, కత్తెరలు ఆ బల్ల మీద ఉన్నాయి, సైకిల్ స్టాండు వేసి ఉంది. మీలో అందరికంటే పొడుగ్గా ఉన్నవాళ్లు ముందు ఎక్కండి, మీ మోకాళ్ల కొలతతో మొదలుపెడదాం.