స్పెషలిస్ట్ అని ఎవరు అనాలి?

అందరికీ నమస్కారం. జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఫ్యామిలీ లాలో స్పెషలిస్ట్ అనిపించుకోవాలంటే ఏ కోర్సు చేయాలి సార్?"

కోర్సు అందులో చిన్న ముక్క. జర్మనీ సంగతి చూడండి. అక్కడ 'ఫాఖ్‌అన్‌వాల్ట్' అనే హోదా ఉంది, అంటే స్పెషలిస్ట్ లాయరు అని. పేరు పక్కన అది పెట్టుకోవాలంటే లాయర్ల ఛాంబర్ (మన బార్ కౌన్సిల్ లాంటి సంస్థ) అనుమతి ఇవ్వాలి. 120 గంటల కోర్సు, రాత పరీక్షలు, కనీసం 3 ఏళ్ల ప్రాక్టీసు. ఇంతవరకు ఎలాగో తంటాలు పడి గట్టెక్కవచ్చు. అసలు చిక్కంతా కేసుల జాబితా దగ్గరే. కుటుంబ చట్టానికైతే దరఖాస్తుకు ముందు 3 ఏళ్లలో 120 కేసులు, అందులో సగం కోర్టుకెక్కినవి చూపించాలి. క్రిమినల్‌కు 60 చాలు గానీ, పైగా 40 రోజులు ట్రయల్లో నిలబడి ఉండాలి. ఒక్కో కేసుకు ఫైలు నంబరు, విషయం, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, తను చేసిన పనేమిటి, ఇప్పుడు ఏ దశలో ఉంది, అన్నీ రాసివ్వాలి. సొంతంగా నడిపినవే లెక్క. సీనియర్ చెప్పింది చెప్పినట్టు చేసినవి పనికిరావు. హోదా వచ్చాక కూడా ఏటా 15 గంటల శిక్షణ చూపించకపోతే వెనక్కి తీసుకోవచ్చు.

అమెరికాలో టెక్సస్ 1974లోనే ఇలా స్పెషలిస్ట్ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు పెట్టుకుంది. పరీక్షతో పాటు తోటి లాయర్లను, జడ్జీలను కూడా వాకబు చేస్తారు. ఇది నాకు నచ్చుతుంది. క్లయింటుకు మన మాటకారితనమే కనిపిస్తుంది. మనం ఎంత చదువుకొని వచ్చామో ఎదుటి లాయరుకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ సర్టిఫికెట్ కూడా 5 ఏళ్లకే, తర్వాత మళ్లీ రెన్యూ చేయించుకోవాలి.

స్పెషలిస్ట్ అన్న మాట లెటర్‌హెడ్ మీద వేసుకోవచ్చా అన్న గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక జాతీయ సంస్థ తనకిచ్చిన ట్రయల్ స్పెషలిస్ట్ సర్టిఫికెట్ గురించి అచ్చు వేసుకున్నందుకు ఇల్లినాయ్ లాయరొకాయన్ని మందలించారు. 1990లో కోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది, అదీ 5-4 తేడాతో.

మొన్న మా జూనియర్‌ని గత 3 ఏళ్ల కేసులు చెప్పమన్నాను. పదకొండు దగ్గర ఆగిపోయాడు. డైరీలో వాయిదా తేదీలున్నాయి, తను చేసిన పని లేదు. ఆ సాయంత్రం ఇద్దరం పాత ఫైళ్లు దించితే ఇంకో 19 దొరికాయి. వాటిలో ఆరింట్లో వాదించింది నేనో తనో ఇద్దరికీ గుర్తు రాలేదు.

ప్రశ్నలుంటే అడగండి.