లినక్స్ సర్వర్‌ను కమాండ్ లైన్ నుంచి రీస్టార్ట్ చేయడం

నమస్కారం. పదిమంది ఒకేసారి లాగిన్ అయి పనిచేసుకునే లినక్స్ సర్వర్‌ను కమాండ్ లైన్ నుంచి ఎలా రీస్టార్ట్ చేయాలో ఈ వీడియోలో చూద్దాం. మీరు ఎంటర్ నొక్కే సమయానికి ఎవరి ఫైలో సగంలో ఉండవచ్చు కనుక, ఇంట్లో ల్యాప్‌టాప్‌ను ఆపినంత తేలికగా దీన్ని ఆపకూడదు.

ముందుగా హోస్ట్‌నేమ్ అని టైప్ చేసి, ఏ యంత్రంలో ఉన్నారో చూసుకోండి. కొన్నేళ్ల క్రితం అమీర్‌పేటలోని ఒక శిక్షణ కేంద్రంలో, రెండు టెర్మినళ్లు పక్కపక్కన తెరిచి పెట్టుకుని, ఖాళీ సర్వర్ అనుకుని విద్యార్థులు పనిచేస్తున్న సర్వర్‌ను రీస్టార్ట్ చేసింది నేనే కాబట్టి, ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు డబ్ల్యూ అనే ఒక్క అక్షరం టైప్ చేసి ఎంటర్ నొక్కితే, ఎవరెవరు లాగిన్ అయ్యారో, ఎంతసేపటి నుంచి కీబోర్డు ముట్టలేదో, ఏ ప్రోగ్రామ్ నడుపుతున్నారో కనిపిస్తుంది. ఐడిల్ కాలమ్‌లో గంటలు కనిపించినా పని లేదనుకోవద్దు. రాత్రి పెట్టి వెళ్లిన కంపైల్ ఇంకా నడుస్తూ ఉండవచ్చు.

ఇక అసలు కమాండ్: సుడో, షట్‌డౌన్, మైనస్ ఆర్, ప్లస్ 10, ఆపై కొటేషన్ గుర్తుల మధ్య, ఫైళ్లు సేవ్ చేసుకోమని ఒక సందేశం. సుడో అంటే ఆ కమాండ్‌ను అడ్మిన్ అధికారంతో నడపమని. మైనస్ ఆర్ అంటే రీస్టార్ట్. ప్లస్ 10 అంటే 10 నిమిషాల గడువు. లాగిన్ అయి ఉన్నవారి టెర్మినళ్లలో ఆ సందేశం ప్రత్యక్షమవుతుంది. దాన్ని ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయండి, ఎందుకంటే చాలా టెర్మినళ్లలో మన ఒత్తులు చెదిరిపోతాయి. చివరి 5 నిమిషాల్లో మామూలు యూజర్ల కొత్త లాగిన్లను సిస్టమ్ తానే నిరాకరిస్తుంది. ఎవరైనా ఆగమని కోరితే, సుడో, షట్‌డౌన్, మైనస్ సి అంటే రద్దవుతుంది.

గడువు తీరగానే, సర్వీసులను నడిపి ఆపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ ప్రతి సర్వీసుకూ సిగ్‌టర్మ్, అంటే ఇక ఆగమనే సంకేతం, పంపి, సర్దుకోవడానికి సాధారణంగా 90 సెకన్లు ఇచ్చి, అప్పటికీ ఆగనివాటిని సిగ్‌కిల్ అనే బలవంతపు సంకేతంతో ఆపేసి, మెమరీలో మిగిలిన డేటాను డిస్కుకు చేర్చి, ఫైల్ సిస్టమ్‌లను అన్‌మౌంట్ చేశాకే, అంటే సురక్షితంగా విడదీశాకే, యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తుంది. ఆలోగా తెర కదలకుండా నిలిచిపోయినా పవర్ బటన్ జోలికి వెళ్లవద్దు.

తిరిగి లాగిన్ అయ్యాక హూ, మైనస్ బి అని టైప్ చేయండి. అక్కడ కనిపించే బూట్ సమయం ఇప్పటిదే అయితే, మీ సర్వీసులను ఒకసారి సరిచూసుకుని, మిగిలినవారిని లాగిన్ కమ్మని చెప్పవచ్చు.